హాగరు చూచిన నీటి ఊట

(రేడియో ప్రసంగ పాఠము)

వాక్యభాగములు: ఆదికాండము 21:8–21, యోహాను 4:1–26

మీరు ఇంట్లో ఉన్నా, చేని గట్టు మీద ఉన్నా, ప్రయాణంలో ఉన్నా, ఈ కొన్ని నిమిషములు దేవుని వాక్యమును నాతో కలిసి ధ్యానించమని కోరుచున్నాను.

ఈమధ్య మనకొక ఉత్తరం వచ్చింది. కదిరి ప్రాంతం నుండి ఒక సహోదరి వ్రాశారు. పేరు చెప్పవద్దన్నారు గనుక చెప్పను. వారి ఇంటికీ ఒక దూదేకుల కుటుంబం ఇంటికీ మధ్య ఒకటే గోడ. రెండేండ్ల క్రిందట ఈమె వాళ్ళ బోరు ఎండిపోయింది. అప్పటినుండి ప్రతి ఉదయం ప్రక్కింటి అమ్మ మోటరు వేసి, "వదినా, బిందెలు తెచ్చుకో" అని పిలుస్తుంది. పైసా తీసుకోదు. మొన్న రంజాన్ పండుగనాడు ఆమె గిన్నె నిండా సేమ్యా పాయసం పంపింది. ఈ సహోదరి కొడుకు ఇంటర్ చదువుతున్నాడు. అది అన్యుల నైవేద్యం, ముట్టకూడదని ఎక్కడో ఒక కూటంలో విన్నాడట. గడపలోనే గిన్నె వెనక్కి ఇచ్చేశాడు.

"అయ్యగారూ, మరుసటి రోజు కూడా ఆమె మోటరు వేసింది, నీళ్ళకు పిలిచింది. కాని వదినా అనలేదు" అని ఆ సహోదరి వ్రాశారు.

ఆ తరువాత మూడు ప్రశ్నలు అడిగారు. వాళ్ళు మొక్కే దేవుడూ మనం మొక్కే దేవుడూ ఒకరేనా? వాళ్ళింటి పాయసం తినవచ్చునా? ఇంత మంచివాళ్ళకు యేసును గూర్చి చెప్పవలసిన అవసరం ఉన్నదా?

వీటికి జవాబు చెప్పే ముందు నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. సెమినరీ నుండి బయటికి వచ్చిన క్రొత్తలో ఒక ఊరి బహిరంగ కూటంలో ప్రసంగిస్తూ, ముస్లిములు మక్కాలోని నల్లరాతికి మొక్కుతారని మైకులో చెప్పాను. ఎవరో ఇచ్చిన కరపత్రంలో చదివిన మాట అది. కూటం ముగిసిన తరువాత పందిరి అంచున కూర్చున్న ఒక ముసలాయన నా దగ్గరికి వచ్చాడు. పరుపులు కుట్టుకొని బ్రతికే మనిషి. "అయ్యగారూ, కోపం చేసుకోవద్దప్పా. మేం రాయికి మొక్కం. పడమర దిక్కుకు తిరిగి పైనుండే ఒక్కనికే మొక్కుతాం. ఈ మాట మీ దేవుని ముందర నిలబడి చెప్పగలరా?" అన్నాడు. నాకు మాట రాలేదు. పొరుగువాని మీద అబద్ధ సాక్ష్యము పలుకరాదన్న ఆజ్ఞను నేనే ఎన్నోసార్లు బోధించాను. ఆ రాత్రి దానిని మీరినవాడను నేనే.

ఆయన చెప్పినది నిజము. కాబా ముస్లిములకు ప్రార్థన దిక్కు. బబులోనులో దానియేలు యెరూషలేము వైపు కిటికీలు తెరచి దినమునకు ముమ్మారు మోకరించాడని దానియేలు ఆరవ అధ్యాయంలో చదువుతాము. దానియేలు గోడకు మొక్కలేదు గదా! మహమ్మదు ప్రవక్త, ఆయన అనుచరులు కూడా మొదట యెరూషలేము వైపు తిరిగే నమాజు చేశారు. 622లో మదీనాకు వలస వెళ్ళిన తరువాత, 624 ప్రాంతంలో ఆ దిక్కు మక్కాకు మారినదని వారి చరిత్రే చెబుతున్నది.

కాబట్టి ప్రియులారా, ఈ దినం నేను చెప్పదలచినది ఒక్కటే మాట. పొరుగువాని విశ్వాసమును గూర్చి నిజము తెలిసికొనుట మన విశ్వాసమును విడిచిపెట్టుట కాదు. అది దేవుని ఆజ్ఞకు లోబడుట. ఆ నిజము తెలిసినప్పుడే మనకూ వారికీ ఉన్న భేదము ఎక్కడున్నదో సరిగా కనబడుతుంది.

మన అనంతపురం సీమ సంగతి మీకు తెలుసు. 2022లో పాత జిల్లా రెండుగా విడిపోయింది గాని కరువు విడిపోలేదు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడితే మనకు అదే మామూలు. 1876లో మొదలైన ధాత కరువును గూర్చి మన తాతల తాతలు చెప్పుకొన్నారు. వేరుశనగ విత్తి ఆకాశం వైపు చూచుట మనకు చిన్ననాటి నుండి అలవాటే. వాన రాని ఏట సంఘమంతా ఉపవాసముండి ప్రార్థిస్తాము. అదే ఏట ముస్లిములు ఊరి బయట మైదానంలో చేరి వాన కొరకు ప్రత్యేకంగా నమాజు చేస్తారు. మహమ్మదు ప్రవక్త అలా ప్రార్థించినప్పుడు తన పైవస్త్రమును త్రిప్పి వేసికొన్నాడని వారి సంప్రదాయము. దేవా, మా స్థితిని త్రిప్పుము అన్నట్టు దాని భావమని వారి పెద్దలు చెబుతారు. యూదులైతే పర్ణశాలల పండుగ ముగింపున వాన కొరకు ప్రార్థిస్తారు. వాన రాకపోతే ఎప్పుడు, ఎన్ని దినములు ఉపవాసముండాలో చెప్పుటకు వారి మిష్నా గ్రంథంలో ఒక భాగమే ఉన్నది. మనము ఏలీయాను జ్ఞాపకం చేసికొంటాము. అతడు మనవంటి మనిషే గాని అతని ప్రార్థనకు ఆకాశం తెరచుకొన్నదని యాకోబు తన పత్రికలో వ్రాశాడు. ముగ్గురూ ఒకే ఆకాశం క్రింద, సృష్టికర్త ఒక్కడే అని చెబుతూ చేతులు చాపుతున్నారు.

ఇప్పుడు ఈ మూడు విశ్వాసములను ప్రక్కప్రక్కన ఉంచి చూద్దాము. మనలో చాలామంది యూదులను ఎన్నడూ చూడలేదు. కాని గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రయీము అని తమ్మును పిలుచుకొనే చిన్న తెలుగు సమూహమొకటి సబ్బాతును ఆచరిస్తూ ఉన్నది. వారికొక సమాజమందిరం కూడా ఉన్నది. కొచ్చిలోనూ ముంబయిలోనూ యూదులు శతాబ్దాలుగా ఉన్నారు.

మొదటిది, ఆచారములు. ఈ విషయంలో ఇస్లాము మనకంటె యూదా మతమునకు దగ్గరగా కనబడుతుంది. యూదులు దినమునకు మూడుసార్లు ప్రార్థిస్తారు, ముస్లిములు అయిదుసార్లు. ఇద్దరూ పంది మాంసము తినరు, రక్తము తినరు. యూదులు తమ నియమము ప్రకారమున్న ఆహారమును కోషెర్ అంటారు, ముస్లిములు హలాల్ అంటారు. ఇద్దరూ మగపిల్లలకు సున్నతి చేయిస్తారు. ఇస్సాకు వలె ఎనిమిదవ దినమున చేయుట యూదుల నియమము. ఇష్మాయేలుకు సున్నతి జరిగినప్పుడు పదమూడేండ్లని ఆదికాండము 17లో ఉన్నది. ముస్లిములలో ఇందుకు ఒకే వయస్సు లేదు. ధర్మశాస్త్రములో దశమభాగమున్నది. ముస్లిములకు జకాత్ ఉన్నది, కూడబెట్టిన ధనములో నలభైయవ వంతు పేదలకు చెందాలి. యూదులు ప్రాయశ్చిత్త దినమున సూర్యాస్తమయము నుండి మరునాటి చీకటి వరకు ఉపవాసముంటారు. ముస్లిములు రంజాన్ నెలంతా తెల్లవారుజాము నుండి సూర్యాస్తమయము వరకు నీళ్ళు కూడా ముట్టక రోజా ఉంటారు. రంజాన్ మన ఎండాకాలంలో వచ్చిన ఏండ్లలో, బండ పగిలే ఎండలో, గుటక వేయకుండా పని చేసిన కూలీలను మీరు చూచి ఉంటారు. శ్రమల దినములలో మన ఉపవాసమెంత లోతుగా ఉన్నదో మనలను మనమే అడుగుకొందుము గాక.

మరి మనకు ఈ ఆచారములు ఎందుకు లేవు? మనము సోమరులమై విడిచిపెట్టలేదు. అపొస్తలుల కార్యములు 15లో యెరూషలేము సభ ఈ ప్రశ్ననే విచారించినది. అన్యజనులు సున్నతి పొందితేనే రక్షణయా, లేక ప్రభువైన యేసు కృప వలననా? కృప వలననే అని ఆ సభ తేల్చినది. మన స్వాతంత్ర్యమునకు మూలము అక్కడున్నది.

రెండవది, గ్రంథములు. యూదుల తనక్ మన పాత నిబంధనే, పుస్తకముల వరుస మాత్రం వేరు. లేఖనముల విషయంలో మనకు దగ్గరివారు యూదులు. ముస్లిములు తౌరాతు, జబూరు, ఇంజీలు అనే గ్రంథములను దేవుడే ఇచ్చాడని ఒప్పుకొంటారు. మనలను, యూదులను గ్రంథప్రజలు అని పిలుస్తారు. అయితే ఇప్పుడు మన చేతిలో ఉన్నవి మార్పు చెందినవని, సుమారు 23 సంవత్సరాల కాలంలో దిగివచ్చిన ఖురానే చివరి మాట అని నమ్ముతారు. ఇక్కడొక సంగతి గమనించండి. ముస్లిముకు దేవుని వాక్కు గ్రంథమై వచ్చినది. మనకు వాక్యము శరీరధారియై వచ్చెను. కాబట్టి ఖురానును బైబిలుతో పోల్చుటకంటె, వారికి ఖురాను ఏమో మనకు క్రీస్తు ఏమో పోల్చి చూస్తేనే భేదము బాగుగా తెలుస్తుంది.

ఖురానును మొదట తెలుగులోకి తెచ్చినవారిలో చిలుకూరి నారాయణరావు గారిని చెబుతారు. ఆయన అనంతపురం కళాశాలలో తెలుగు బోధించిన పండితుడు. 1928లో నంద్యాల సభలలో మన ప్రాంతమునకు రాయలసీమ అన్న పేరు పెట్టినది కూడా ఆయనే అంటారు. ఒక హిందూ పండితుడు పొరుగువారి గ్రంథమును తెలిసికొనుటకు అంత శ్రమపడ్డాడు. మనము కరపత్రము చదివి తృప్తిపడుచున్నాము.

మూడవది, క్రీస్తును గూర్చిన సాక్ష్యము. ఇక్కడ లెక్క తారుమారవుతుంది. యూదులు యేసును మెస్సీయగా అంగీకరించరు. ఖురాను ఆయనను మసీహ్ అని పిలుస్తుంది. ఆయన కన్యకు పుట్టాడని, రోగులను బాగుచేశాడని, చనిపోయినవారిని లేపాడని చెబుతుంది. ఖురానులో పేరుతో చెప్పబడిన స్త్రీ ఒక్క మరియమే. ఒక అధ్యాయమునకు ఆమె పేరే ఉన్నది. ఈసా తిరిగి వస్తాడని కూడా ముస్లిములు నమ్ముతారు. ఈ మాటలు విన్నప్పుడు ఇక భేదమేమున్నదని కొందరు అడుగుతారు.

భేదమున్నది, ప్రియులారా. చిన్నది కాదు. దేవుడు కనలేదు, కనబడలేదు అని 112వ అధ్యాయంలో ఖురాను ప్రకటిస్తుంది. కాబట్టి యేసు గొప్ప ప్రవక్తే గాని కుమారుడు కాడని వారి నమ్మకము. 4వ అధ్యాయంలో ఆయన సిలువ వేయబడలేదని చెబుతుంది. దేవుడు తన ప్రవక్తను అంత అవమానమునకు అప్పగించడని వారి ఆలోచన. ఆదాము తప్పు చేశాడు, పశ్చాత్తాపపడ్డాడు, దేవుడు క్షమించాడు. ఎవరి భారము వారిదే అని వారు బోధిస్తారు. యూదులు కూడా పుట్టుకతో వచ్చే దోషమును మనవలె బోధించరు. మనిషి తిరిగి దేవుని త్రోవకు రాగలడని ఇద్దరూ చెబుతారు. అందుచేత మన స్థానంలో మరణించే రక్షకుడు వారికి అవసరమనిపించడు.

మనమో, త్రోవ తెలిసినా నడువలేని స్థితిలో ఉన్నామని, చచ్చినవారమని, మనలను లేపుటకు దేవుడే దిగివచ్చాడని నమ్ముచున్నాము. దేవుడు ఒక్కడే అని మనమూ ఒప్పుకొంటాము. ఆజ్ఞలలో ప్రధానమైనది ఏది అని అడిగినప్పుడు యేసు ప్రభువు ఇశ్రాయేలీయుల విశ్వాస ప్రకటనతోనే మొదలుపెట్టాడని మార్కు 12లో ఉన్నది. మనము ముగ్గురు దేవుళ్ళను మొక్కము, దేవుడు భార్యను కలిగి కుమారుని కన్నాడనియు చెప్పము. వారు మనలను గూర్చి అలా అనుకొంటే మనకు నొప్పి గదా! అదే నొప్పి ఆ ముసలాయనకు నా వలన కలిగినది.

ఇంకొక్క మాట. గుగూడులో పీర్ల పండుగకు, పెనుకొండ బాబయ్య దర్గా ఉరుసుకు, గుంతకల్లు మస్తాన్ వలి దర్గాకు హిందువులు, ముస్లిములు కలిసి వెళ్ళుట మీరెరుగుదురు. 680లో కర్బలా దగ్గర చంపబడిన హుస్సేనును స్మరించే దినములే మన పల్లెలలో పీర్ల పండుగ అయినవి. ఇందులో చాలా ఆచారములను ముస్లిము పండితులే కాదంటారు. ఊరి ఆచారము వేరు, మత సిద్ధాంతము వేరు. మన ఇండ్లలో తాయెత్తు కట్టుకొన్న క్రైస్తవులను చూచి, క్రైస్తవ బోధ ఇదే అని ఎవరైనా అంటే ఒప్పుకొంటామా? ఏ కొలతతో కొలుస్తామో ఆ కొలతే మనకూ వస్తుంది.

ఇప్పుడు మన వాక్యభాగమునకు వద్దాము. అబ్రాహాము ఇంటినుండి హాగరు బయటికి పంపబడినది. చేతిలో రొట్టె, ఒక తిత్తి నీళ్ళు, కొడుకు ఇష్మాయేలు. బెయేర్షెబా అరణ్యములో తిత్తి ఖాళీ అయినది. పిల్లవాని చావు చూడలేక ఒక పొద క్రింద పడవేసి, వింటివేత దూరములో కూర్చుండి ఏడ్చినది. దేవుడు ఆ చిన్నవాని మొర విన్నాడు. ఇష్మాయేలు అను పేరునకు దేవుడు వినును అనియే అర్థము. దేవుడు ఆమె కన్నులు తెరచినప్పుడు నీళ్ళ ఊట కనబడినది.

ఈ తల్లిని ముస్లిములు హాజిరా అంటారు. ఇది మక్కా దగ్గర జరిగినదని, ఆ ఊటే జమ్‌జమ్ అని నమ్ముతారు. హజ్జుకు వెళ్ళినవారు ఆ తల్లి నీళ్ళకై పరుగెత్తినట్టు రెండు గుట్టల మధ్య ఏడుసార్లు నడుస్తారు. బక్రీదునాడు అబ్రాహాము బలిని తలంచుకొంటారు. బలికి సిద్ధమైన కుమారుడు ఇష్మాయేలని వారిలో ఎక్కువమంది నమ్మకము, ఇస్సాకని యూదులదీ మనదీ నమ్మకము. నిబంధన ఇస్సాకుతోనే అని దేవుడు స్పష్టముగా చెప్పాడు, దానిని మనము మార్చలేము. కాని ఇష్మాయేలును ఆశీర్వదిస్తానని అదే అధ్యాయంలో చెప్పాడు. దేవుడు ఆ చిన్నవానికి తోడైయున్నాడనియు వ్రాయబడినది. దానిని కూడా మనము మార్చలేము. అబ్రాహాము చనిపోయినప్పుడు ఇస్సాకును ఇష్మాయేలును ఇద్దరూ కలిసి తండ్రిని పాతిపెట్టారని ఆదికాండము 25 చెబుతున్నది. వారసత్వము వేరైనా తండ్రి సమాధి దగ్గర అన్నదమ్ములు ప్రక్కప్రక్కన నిలిచారు.

ఇక సుఖారు బావి దగ్గర మన ప్రభువును చూడండి. సమరయులు, యూదులు ఒకరి పాత్రలో ఒకరు త్రాగని కాలమది. ప్రభువు అలసి కూర్చున్నాడు. తోడుకొనుటకు చేద లేదు. సమరయ స్త్రీని దాహమునకు నీళ్ళు అడిగాడు. మొదట తానే పుచ్చుకొనేవాడుగా నిలిచాడు. ఆ తరువాత సత్యము దాచాడా? లేదు. మీరు తెలియనిదానిని ఆరాధించుచున్నారని, రక్షణ యూదులలోనుండి కలుగుచున్నదని ఎదుటనే చెప్పాడు. అవమానించి చెప్పలేదు, నీళ్ళు అడిగి చెప్పాడు. మెస్సీయ వస్తాడని ఆమె అన్నప్పుడు, నీతో మాట్లాడుచున్న నేనే ఆయనను అని బయలుపరచుకొన్నాడు.

ఇప్పుడు సహోదరి ప్రశ్నలకు జవాబు చెబుతాను.

దేవుడు ఒకరేనా? ఆకాశమును భూమిని చేసిన దేవుడు ఒక్కడే, ఇద్దరు లేరు. అల్లాహ్ అన్నది అరబ్బీ భాషలో దేవుడు అన్న మాట, అరబ్బు క్రైస్తవుల బైబిలులో కూడా ఆ మాటే ఉన్నది. మీ పొరుగువారు ఆ సృష్టికర్తనే ఉద్దేశించి మొక్కుతున్నారు. అయితే ఆ దేవుడు ఎటువంటివాడో తండ్రి రొమ్మున ఉన్న కుమారుడే బయలుపరచెనని యోహాను సువార్త చెబుతున్నది. కుమారుని ప్రక్కనబెట్టి తండ్రిని పూర్తిగా ఎరుగుదుమని మనము చెప్పలేము. ఈ రెండు మాటలలో ఒకటి వదిలితే మన జవాబు అబద్ధమవుతుంది.

పాయసం తినవచ్చునా? అది విగ్రహమునకు పెట్టిన నైవేద్యము కాదు. ఉపవాసము ముగించినవారు సంతోషముతో పంచుకొనే ఆహారము. పౌలు 1 కొరింథీయులకు 10లో చెప్పిన ప్రకారము, కృతజ్ఞతతో పుచ్చుకొనండి. ఎవరి మనస్సాక్షి అయినా ఒప్పుకొనకపోతే బలవంతము లేదు. కాని ప్రేమగా పెట్టిన చేతిని నొప్పించకుండా చెప్పుట నేర్చుకోవాలి.

యేసును గూర్చి చెప్పాలా? తప్పక చెప్పాలి. మంచితనము చాలినదైతే సిలువ వ్యర్థము. నీ మంచితనమూ నా మంచితనమూ మనలను రక్షించలేదు. కాని బిందె నీళ్ళు తీసుకొంటూ జీవజలమును గూర్చి చెప్పేటప్పుడు మన స్వరము ఎలా ఉండాలో ప్రభువు ఆ బావి దగ్గర చూపించాడు. పర్ణశాలల పండుగ మహాదినమున, యూదులు వాన కొరకు తలంచే ఆ దినములలోనే, దప్పిగొన్నవారు నాయొద్దకు రండని ఆయన బిగ్గరగా పిలిచాడు. ఆ పిలుపు మన గోడకు ఇవతలి వారికే కాదు.

అమ్మా, ఉత్తరం వ్రాసిన సహోదరీ, ఒక చిన్న పని చేయండి. వచ్చిన గిన్నెను ఖాళీగా తిరిగి పంపకూడదని మన పెద్దలు చెబుతారు. మీ ఇంటినుండి పాయసమే వెనక్కి వెళ్ళినది. ఇప్పుడు మీరే ఏదైనా వండి, కొడుకును వెంటబెట్టుకొని వెళ్ళండి. అబ్బాయి చేతనే గిన్నె ఇప్పించండి. క్షమించమని వాడి నోటనే చెప్పించండి. ఆమె మరల వదినా అన్న తరువాత, హాజిరా కథ ఆమె నోట వినండి. హాగరు కథ మీ నోట చెప్పండి. మిగిలినది పరిశుద్ధాత్ముని పని.

ప్రార్థన చేసికొందాము.

పరలోకపు తండ్రీ, అరణ్యములో చిన్నవాని మొర విన్న దేవా, ఎండిన మా నేలను చూడుము. నీతిమంతుల మీదను అనీతిమంతుల మీదను కురిపించు నీ వానను మా సీమకు దయచేయుము. పొరుగువారిని గూర్చి మేము పలికిన అబద్ధములను క్షమించుము. సత్యమును దాచకుండ, ప్రేమను విడువకుండ సాక్ష్యమిచ్చు నోరు మాకిమ్ము. హాగరు కన్నులు తెరచినట్లు మా కన్నులను, మా పొరుగువారి కన్నులను తెరచి, జీవజలపు ఊటయైన నీ కుమారుని చూపుము. ఆ యేసు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ. ఆమేన్.